వెల్లకిల పడినవారి విద్య

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో పిల్లలు విదేశాలలో లేని ఇల్లు ఇప్పుడు వెదకినా దొరకడం కష్టమే. మైసమ్మగూడలోనో కండ్లకోయలోనో ఇంజనీరింగు పూర్తిచేసి, బ్యాంకులో అప్పు తీసికొని, విమానమెక్కడం అనేది రెండు క్త్వార్థకాలు, ఒక క్రియ ఉన్న వాక్యం వలె గుక్కతిప్పకుండా జరిగిపోతున్నది. ఆపైన మావంటి విశ్రాంత తల్లిదండ్రులకు మిగిలేవి సాయంకాలపు నడక, వాట్సాపు పలకరింపు. నడకలో మాటలు వీసాలతో మొదలై పెళ్ళిసంబంధాలతో ముగుస్తాయి. పిల్లలు అక్కడ తీరిక వేళల్లో ఏం చేస్తారన్న ప్రస్తావన వచ్చినప్పుడు, వంట నేర్చుకొంటున్నాడంటే మెచ్చుకొంటారు, క్రికెట్టంటే నవ్వి ఊరుకొంటారు, కూచిపూడి అంటే సంతోషిస్తారు. "మా అమ్మాయి బ్రెజీలియన్ జియుజిత్సు నేర్చుకొంటున్నది" అన్నప్పుడు మాత్రం నడక ఆగిపోతుంది. "అంటే కుస్తీయేనా సార్? ఆడపిల్ల గదా!"

నడకలో చెప్పగలిగిన జవాబు కాదిది. పైగా ఈ కుస్తీ మూలంగానే మా ఇంట ఒక పెళ్ళిమాట కూడా తప్పిపోయింది. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు అసలు ఈ విద్య ఏమిటో చెప్పాలి. ఎందుకంటే దీనిని నిందించేవారిలో నూటికి తొంభై మంది దీనిని సినిమాలలోని కరాటే అనుకొంటున్నారు.

'జూ' అంటే జపాను భాషలో మెత్తదనం, వంగే గుణం. 'జుత్సు' అంటే విద్య. మెత్తని విద్య అన్నమాట. తెలుగులో మార్దవవిద్య అనవచ్చు గాని, ఆ పేరు పెడితే ఎవరో పాదాలకు నూనె మర్దనా చేస్తున్నారనుకొనే ప్రమాదమున్నది. ఇందులో గుద్దులు, తన్నులు లేవు. పట్టుకోవడం, పడవేయడం, పడిన తరువాత నేలమీద పెనగులాడడం, చివరకు ఎదుటివారి చేతికీలునో మెడనో చిక్కించుకోవడం, ఇంతే.

మన కుస్తీకీ దీనికీ ఉన్న ముఖ్యమైన భేదం ఒక్కటి చెబుతాను. మన గోదాలో వీపు నేలకు తగిలితే కథ ముగిసింది. దానినే 'చిత్' అంటారు. తెలుగు పత్రికలు రోజూ వాడే "చిత్తుగా ఓడించారు" అన్న పలుకుబడి ఆ గోదా మట్టిలోనుంచి లేచి వచ్చినదే. జియుజిత్సులో వీపు నేలకు తగిలిన తరువాతనే అసలు విద్య మొదలవుతుంది. వెల్లకిల పడినవారు తమ కాళ్ళతో పైవారి నడుమును చుట్టి, చేతులతో కాలరు పట్టుకొని, అక్కడినుంచే పైవారిని తిరగవేయవచ్చు, లొంగదీయవచ్చు. వారు దానిని 'గార్డ్' అంటారు. నేను ఉడుంపట్టు అంటాను. బలహీనులకోసం పుట్టిన పట్టు ఇది. బలవంతుని కిందపడడం బలహీనునికి ఎలాగూ తప్పదు కాబట్టి, కిందపడిన తరువాత ఏం చేయాలన్నదే వాళ్ళు శాస్త్రంగా అల్లుకొన్నారు.

2024 వేసవిలో నేనూ మా ఇంటావిడా టెక్సాసు రాష్ట్రంలోని ప్లేనోలో మా అమ్మాయి దగ్గర కొన్ని నెలలున్నాము. వారానికి మూడు సాయంకాలాలు ఆమెతోపాటు ఆ వ్యాయామశాలకు వెళ్ళి బల్లమీద కూర్చొనేవాళ్ళం. వ్యాయామశాల అంటే పెద్ద భవనమేమీ కాదు. ఒకవైపు బట్టలుతికే దుకాణం, మరొకవైపు పిజ్జా దుకాణం, నడుమ ఒక పొడుగాటి గది, నేలంతా నీలిరంగు మెత్తలు. వచ్చేవారిలో ఆసుపత్రి నర్సు, గోడలకు రంగులు వేసే మెక్సికో దేశస్థుడు, కళాశాల పిల్లలు, మనుమలున్న ఒక పెద్దమనిషి ఉండేవారు. తెలుగువారు ముగ్గురు. చెప్పులు విడిచి మెత్తమీదకు వెళ్ళేముందు తల వంచి నమస్కరిస్తారు. కాలికి మట్టి అంటితే మెత్తమీదకు రానివ్వరు. మన వంటింటి మడి గుర్తుకు వచ్చిందని మా ఇంటావిడ అన్నది.

గురువు బ్రెజీలు దేశస్థుడు. అందరూ ఆయనను 'ప్రొఫెసర్' అని పిలుస్తుంటే ఏ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడో అనుకొన్నాను. పోర్చుగీసు భాషలో ఆ మాటకు పంతులనే అర్థమట. బడిలో అక్షరాలు దిద్దించేవాడూ ప్రొఫెసరే. అంతకంటె పెద్ద గురువును 'మెస్త్రే' అంటారు. ఈ మాట మనకు కొత్తది కాదు. ఇల్లు కట్టే మేస్త్రీ, బట్టలు కుట్టే మేస్త్రీ అందరూ పోర్చుగీసువారి ఓడలు దిగి మన భాషలోకి వచ్చినవారే. ఒకే మాట అటు రియోలో మల్లగురువై, ఇటు మేడ్చల్‌లో తాపీ పట్టుకొని నిలబడి ఉన్నది. పంతులుగా పనిచేసినవాడిని కనుక ఇటువంటివి కనబడితే చెప్పకుండా ఉండలేను.

మొదటి అరగంట ఒక పట్టు నేర్పుతారు. ఇద్దరిద్దరు జతకట్టి దానిని నెమ్మదిగా చేసి చూస్తారు. తరువాత ఐదారు నిమిషాల చొప్పున నిజమైన పెనగులాట. ఎదుటివారి పట్టు బిగిసి ఇక తట్టుకోలేమనిపిస్తే, చేతితో వారి శరీరంమీదనో నేలమీదనో రెండుసార్లు తట్టాలి. తట్టిన మరుక్షణం ఎదుటివారు వదిలివేయాలి. ఇందులో మినహాయింపు లేదు, వాదన లేదు. వదలడం ఒక్క క్షణం ఆలస్యమైనా గురువు ముఖం మారిపోతుంది. ఒకనాడు నూరు కిలోలకు తక్కువలేని మనిషి మా అమ్మాయి పట్టుకు చిక్కి తట్టాడు. ఆమె వదిలింది. అతడు లేచి కూర్చొని నవ్వుతూ, "ఎక్కడ దొరికాను? మళ్ళీ చూపించు" అన్నాడు. ఆమె చూపించింది. నాలుగు నిమిషాల తరువాత అతడదే పట్టు తప్పించుకొని ఆమెచేత తట్టించాడు. గెలిచినవారు ఓడినవారికి తాము గెలిచిన కిటుకును అప్పటికప్పుడే చెప్పివేయడం మూడు దశాబ్దాల పైగా బడిలో పనిచేసిన నేను అంతగా చూడలేదు. మన ఇంటర్మీడియట్ కళాశాలల్లో ర్యాంకు వచ్చే పిల్లలు నోటుపుస్తకాన్ని దిండుకింద పెట్టుకొని పడుకొంటారు.

ఈ విద్య వంశవృక్షంలో మొదట కనిపించేవాడు ఒక బడిపంతులే కావడం నాకు ఇంకా నచ్చింది. జిగోరో కానో 1882లో తోక్యోలోని ఒక బౌద్ధాలయంలో పన్నెండు చాపల స్థలంలో కోడోకాన్ అనే శాల తెరిచాడు. పాత జూజుత్సులోని ప్రాణాంతకమైన పట్లను వడగట్టి జూడోగా మలిచాడు. ఆయన జీవనవృత్తి విద్యాబోధన. తోక్యోలో ఉపాధ్యాయులను తయారుచేసే ఉన్నత పాఠశాలకు ఏళ్ళ తరబడి ప్రధానాచార్యుడుగా ఉన్నాడు. ఆయన శాలలో నేర్చిన మిత్సుయో మయేదా దేశదేశాలు తిరిగి, కనబడిన మల్లునితోనల్లా తలపడి, 1914లో బ్రెజీలు చేరి, అమెజాన్ ముఖద్వారాన ఉన్న బెలెం నగరంలో స్థిరపడ్డాడు. అక్కడ గ్రేసీ కుటుంబంలోని కార్లోస్ అనే కుర్రవాడు ఆయనవద్ద నేర్చుకొన్నాడు. అతని తమ్ముడు ఎలియో బక్కపలచని మనిషి. బలంతో చేసే పట్లు తనకు కుదరకపోతే వాటిని మీటలు, తూకాల లెక్కలోకి మార్చుకొన్నాడని వారి ఇంటి కథ. కుటుంబ కథలకు కొంత నగిషీ ఉంటుంది. దాని మాట అలా ఉంచుదాం.

నగిషీ అక్కరలేని సంగతి ఒకటున్నది. 1951లో రియో నగరంలోని మరకానా మైదానంలో ఎలియో గ్రేసీ జపాను మల్లుడు మసాహికో కిమూరాతో తలపడ్డాడు. కిమూరా అతని చేతిని వెనుకకు మెలివేశాడు. చేయి విరిగింది. ఎలియో తట్టలేదు. చివరకు అన్న కార్లోసే తువాలు విసిరి పోటీ ఆపించాడు. అప్పటినుంచి ఆ కుటుంబం, వారిద్వారా ప్రపంచమంతా, ఆ పట్టును 'కిమూరా' అనే పిలుస్తున్నది. తమను ఓడించినవాని పేరునే ఆ పట్టుకు పెట్టి, దానిని తమ పిల్లలకు నేర్పారు. ఈ ఔదార్యం నాకు గొప్పగా తోచింది. అయితే చేయి విరుగుతున్నా తట్టకపోవడాన్ని వీరత్వమని మెచ్చుకొనేవారితో నాకు పేచీ ఉన్నది. మా అమ్మాయి గురువు కూడా, "ఆ పని చేసినవాడిని మరునాడు నేను రానివ్వను" అన్నాడట. ఆ మాట విన్న తరువాతనే మా ఇంటావిడ ఆ బల్లమీద కళ్ళు తెరిచి కూర్చొన్నది.

ఇక ఆక్షేపణల దగ్గరకు వద్దాం. "ఇది మన సంప్రదాయం కాదు" అన్నది మొదటిది. ఆ మాట అనేవారికి 'జగజెట్టి' అన్న మాట ఎక్కడిదో అడగాలని ఉంటుంది. జెట్టి అంటే మల్లుడు, జ్యేష్ఠశబ్దభవం. పన్నెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు సంతరించిన మానసోల్లాసంలో మల్లవినోదానికి ప్రత్యేకించి ఒక భాగమే ఉన్నది. మల్లులను తరగతులుగా విభజించి, పైతరగతివారిని జ్యేష్ఠికులన్నాడు. ఆ కల్యాణి ఎక్కడో లేదు, మన జహీరాబాదు దాటితే వచ్చే బసవకల్యాణమే. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్ కృష్ణదేవరాయల దినచర్యను వర్ణించాడు. తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్ళంతా పట్టించుకొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, ఆ నూనె అంతా చెమటగా కారిపోయాక ఒక మల్లునితో పెనగులాడి, ఆపై గుర్రమెక్కేవాడట. ఆముక్తమాల్యద వ్రాసిన చేతులే అవి. తరువాతి కాలపు పండితులము మనమే, పుస్తకమున్న చేతికి మట్టి అంటరాదని తీర్మానించుకొన్నాము.

హైదరాబాదు పాతబస్తీలో కుస్తీశాలను తాలీం అంటారు. అరబ్బీలో ఆ మాటకు చదువు అని అర్థం. బడికీ గోదాకూ ఒకే పేరు పెట్టిన ఊరు మనది. నైజాం సైన్యంలో చేరిన అరబ్బుల సంతతివారుండే బార్కస్ నేటికీ పహిల్వాన్లకు ప్రసిద్ధి. ఉత్తరాన నిజామాబాదు, కామారెడ్డి పల్లెలలో జాతరలకు కుస్తీపోటీలు ఇప్పటికీ జరుగుతాయి. కొబ్బరికాయ పందెంతో మొదలై వెండికడెం పందెంతో ముగుస్తాయి. బోధను దగ్గరి హున్సాలో హోళీనాటి సాయంకాలం ఊరంతా పిడిగుద్దులాట ఆడుతారు. వీటిని చూసినవారెవరూ పెనగులాట మనది కాదనలేరు. కాకపోతే అక్కడ ఆడపిల్లలకు చోటు లేదు. ఆక్షేపణ చేసేవారి మనసులో ఉన్నది కూడా సంప్రదాయం కాదు, ఆడపిల్లయే.

అది కూడా పాత మాటే. 1929లో రవీంద్రనాథ ఠాకూరు జపాను నుంచి తకగాకి అనే జూడో గురువును శాంతినికేతనానికి రప్పించాడు. అక్కడి ఆడపిల్లలు కూడా ఆయనవద్ద నేర్చుకొన్నారు. ఆ సంస్థకు డబ్బులు పుష్కలంగా ఉన్న రోజులు కావవి. అయినా కవి ఆ ఖర్చు అవసరమనుకొన్నాడు. మన నిజామాబాదునుంచి వెళ్ళిన నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ముష్టియుద్ధంలో ప్రపంచ విజేత అయింది. పతకం వచ్చిన తరువాత ఊరేగించడానికి అందరూ ఉంటారు. పతకం రాని పిల్ల, పతకం కోరనే కోరని పిల్ల, ఊరికే ఒంటికి మంచిదని, మనసుకు హాయి అని చేసే పిల్ల సంగతేమిటి? ఆమెకు అనుమతి ఎవరివ్వాలి?

మాకు తప్పిపోయిన సంబంధం ఈ ప్రాంతానిదే. మంచి కుటుంబమే, పేరు చెప్పడం మర్యాద కాదు. వీడియోలో మాట్లాడినప్పుడు వరుని తల్లి మా అమ్మాయి ఎడమచెవి మడత ఉబ్బి ఉండడం గమనించింది. మెత్తకూ ఎదుటివారి భుజానికీ పదేపదే ఒరుసుకొని చెవి అలా గట్టిపడడం ఈ విద్యలో మామూలే. సంగతి తెలిసిన తరువాత రెండు షరతులు వచ్చాయి. ఒకటి, పెళ్ళికి ముందే మానివేయాలి. రెండు, మగవారితో పెనగులాడిన మాట బంధువులకు తెలియరాదు. మొదటిదాని విషయంలో మా అమ్మాయి తానే మాట్లాడుతానన్నది. రెండవదానికి నేను ఒప్పుకోలేదు. దాచిపెట్టాలంటే అందులో తప్పుండాలి. నలుగురి ఎదుట, వెలుతురులో, గురువు కళ్ళముందు, మెడనుంచి మడమదాకా ముతక నూలు దుస్తులు ధరించి చేసే సాధనలో తప్పు ఎక్కడున్నదో నాకు వివరించగలిగినవారు ఆ ఇంట లేకపోయారు. మాట అక్కడితో ఆగింది. మా ఇంటావిడ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఈ బాధ చిన్నదని నేను అనను.

మరికొందరు మమ్మల్ని సమర్థించబోయి, "పరాయిదేశం గదా, ఆత్మరక్షణకు పనికివస్తుంది లెండి" అంటారు. ఈ సమర్థన నాకు అక్కరలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతాలో మన తెలుగు ఇంజనీరు ఒకరు పనినుంచి వచ్చి స్నేహితునితో కూర్చొని ఉండగా తుపాకి గుండుకు బలయ్యాడు. ఆయన కుటుంబం ఉండేది మన హైదరాబాదు ఉత్తరపు శివారులలోనే. ఆ గుండును ఏ పట్టు ఆపుతుంది? తుపాకులున్న దేశంలో కుస్తీ నేర్చి క్షేమంగా ఉంటామనుకోవడం భ్రమ. ఆ భ్రమ అమ్మే వ్యాయామశాలలూ లేకపోలేదు. చేయి పట్టి లాగేవాడినుంచి విడిపించుకోవడానికి కొంత ఉపయోగపడవచ్చు, అంతవరకే. నేను దీనిని సమర్థించేది ఇంకొక కారణానికి. దానిని వివరించడానికి తెలుగు క్రియాధాతువు ఒకటి కావాలి.

తట్టు అంటే మెల్లగా కొట్టు. తలుపు తట్టు, భుజం తట్టు. దానికే కొను చేరితే తట్టుకొను, అంటే భరించు, నిలదొక్కుకొను. ఈ రెంటికీ మధ్య సంబంధమేమిటని తరగతిలో పిల్లలు అడిగితే వ్యాకరణం చెప్పి సరిపెట్టేవాడిని. ఆ నీలిమెత్తల గదిలో ఆ సంబంధం కంటికి కనిపించింది. తట్టితే వదులుతారన్న నమ్మకమున్నవారే మరికాసేపు తట్టుకొని చూస్తారు. ఆ నమ్మకం లేనివారు పట్టు పడకముందే పారిపోతారు, లేదా చేయి విరిగేదాకా ఉంటారు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరువాత కొద్దిరోజులలోనే 20 మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసికొన్నారు. ఆ ఫలితాలలో పొరపాట్లున్నాయని తరువాత తెలిసింది. సున్నా వేసిన ఒక విద్యార్థిని జవాబుపత్రాన్ని మళ్ళీ చూస్తే 99 మార్కులు వచ్చాయి. అప్పుడు పెద్దలు, "పిల్లలకు ఓటమిని తట్టుకోవడం నేర్పాలి" అని పత్రికలలో వ్రాశారు, సభలలో చెప్పారు. నాకు ఆ మాట సగమే రుచించింది. తట్టుకోవడం పిల్లలకు నేర్పాలి సరే, తట్టినప్పుడు వదలడం పెద్దలకు ఎవరు నేర్పుతారు? ఉదయం ఐదింటినుంచి రాత్రి పదిదాకా వసతిగృహంలో బంధించిన కుర్రవాడు ఆదివారం ఫోనులో "నాన్నా, నావల్ల కావడం లేదు" అంటే, అది తట్టడమే. "ఇంకొక్క ఆరునెలలు ఓర్చుకో" అంటే, అది పట్టు బిగించడమే. మూడవసారి ఆ కుర్రవాడు తట్టడు. మన ఇళ్ళలో, కళాశాలలలో గెలుపు నేర్పే ఏర్పాట్లు ఎన్నో ఉన్నాయి. పట్టులో ఉన్నవారి చేతిచప్పుడు విని తక్షణం వదలాలని నేర్పే ఏర్పాటు ఒక్కటీ నాకు కనబడలేదు. బడిలో వారానికి ఉండే రెండు డ్రిల్లు పీరియడ్లు కూడా పదవతరగతి రాగానే లెక్కల మాస్టారి ఖాతాలోకి వెళ్ళిపోతాయి. అవి మైదానంలో గడిచిన బడులు లేవని కాదు, అరుదు.

మా అమ్మాయి 2021లో చదువుకోసం వెళ్ళింది. మొదటి చలికాలం. నలుగురుండే గది, రాత్రి పని, చీకటితో మొదలై చీకటితో ముగిసే రోజులు. ఒక అర్ధరాత్రి ఫోను చేసి వచ్చేస్తానన్నది. "రా తల్లీ, అప్పు సంగతి నేను చూసుకొంటాను, శామీర్‌పేట ప్లాటు ఎందుకున్నది?" అన్నాను. రేపు టికెట్టు కొంటానన్నది. కొనలేదు. ఆ వారమే తరగతిలోని ఒక కొరియా అమ్మాయి ఆమెను విశ్వవిద్యాలయంలోని జియుజిత్సు సంఘానికి తీసికొని వెళ్ళింది. మొదటి ఆరునెలలు తట్టడమే తన పని అని నవ్వుతూ చెబుతుంది. రోజుకు పదిసార్లు ఓడి, పదిసార్లూ లేచి, ఎదుటివారికి చేయి కలిపి ఇంటికి వచ్చి అన్నం వండుకొని నిద్రపోయేదట. అంతకుముందు నిద్ర ఉండేది కాదు. తెలుగు సంఘాలవారు సంక్రాంతికీ ఉగాదికీ పిలిచి పులిహోర పెట్టేవారు, వారికి కృతజ్ఞతలు. మంగళవారం సాయంకాలం ఎవరూ లేనప్పుడు ఆమె ఎక్కడికి వెళ్ళాలన్నదానికి జవాబు మాత్రం ఆ మెత్తలమీదనే దొరికింది. వీసా, భాష, రంగు, జీతం ఏదీ అడగక ఎదుట కూర్చొని చేయి చాచే మనుషులు అక్కడ ఉన్నారు.

ఇంత చెప్పి దోషాలు చెప్పకపోతే నేను దళారినవుతాను. మోకాళ్ళు జాగ్రత్త. అక్కడి వైద్యపు ఖర్చులు తెలిసినవే కాబట్టి బీమా పత్రంలో ఆటల గాయాలకు వర్తింపు ఉన్నదో లేదో చూడకుండా ఒక్క తరగతికి కూడా వెళ్ళవద్దు. తామర వంటి చర్మవ్యాధులు మెత్తలమీదనుంచి అంటుకొంటాయి. దుస్తులు ప్రతిరోజూ ఉతకాలి, అయిన వెంటనే స్నానం చేయాలి. నెలరుసుము 150 నుంచి 200 డాలర్లదాకా ఉండడం మామూలు. అప్పుతో చదివే విద్యార్థికి అది పెద్దమొత్తం. విశ్వవిద్యాలయాలలోని విద్యార్థి సంఘాలలో చాలా తక్కువలో అయిపోతుంది, మొదట అక్కడ వెదకాలి. పట్టీ రంగుకోసం తొందరపడరాదు. తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు అని వరుస. నల్లపట్టీకి పదేళ్ళు పట్టడం సర్వసాధారణం. మన పిల్లలు దానిని కూడా ఎంసెట్ ర్యాంకుగా మార్చుకోగల సమర్థులు. అన్నిటికంటె ముఖ్యం, గురువును చూడాలి. శిష్యురాండ్రపట్ల గురువులు దుర్మార్గంగా ప్రవర్తించిన ఉదంతాలు ఆ దేశాలలోనూ బయటపడ్డాయి. తట్టినప్పుడు వదలనివారిని సహించే శాల, ఆడపిల్లలు మూడునెలలకు మించి నిలవని శాల, ప్రశ్న వేస్తే కోపగించుకొనే గురువు, వీటిలో ఏ ఒక్కటి కనబడినా చెప్పులు తొడుక్కొని బయటికి రావాలి.

మనకు ఇక్కడ హకీంపేటలో 1993నుంచి ప్రభుత్వ క్రీడాపాఠశాల ఉన్నది. నాలుగవ తరగతిలో పిల్లలను పరుగు, గెంతు వంటి పరీక్షలతో ఎంచుకొంటారు. మంచి సంస్థ, ఎందరినో తీర్చిదిద్దింది. కాని అది ఎంపికైనవారికి. పరుగులో వెనుకబడిన పిల్లకు, లావుపాటి పిల్లవానికి, పతకం ఆశ లేనివారికి వారానికి రెండు సాయంకాలాలు మట్టిలో దొర్లే చోటు మేడ్చల్‌లోగాని శామీర్‌పేటలోగాని ప్రతి ఉన్నతపాఠశాలలో ఉండాలంటాను. అందుకు బ్రెజీలు నుంచి మేస్త్రీలు రానక్కరలేదు. రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి, కొంచెం నూనె, మజ్జిగ, ఒక ఓపికగల పహిల్వాన్ చాలు. గోదా మట్టిని అలా మెత్తబరిచేవారని మా పెద్దలు చెప్పేవారు.

చివరగా చదువరులకు ఒక విన్నపం. మా అమ్మాయి నేర్చుకొన్న పట్లకు తెలుగు పేర్లు పెట్టే పనిలో ఉన్నాను. ఉడుంపట్టు కుదిరింది. వీపుమీద ఎక్కి మెడకు చేయి చుట్టేదానికి కోతిపిల్లపట్టు అన్నాను, ఆమె ఒప్పుకొన్నది. 'కిమూరా'కు మాత్రం పేరు మార్చవద్దన్నది, నిజమే. మన గోదాలలో ధోబీపాట్, కలాజంగ్ వంటి హిందుస్తానీ పేర్లు వినబడుతాయి గాని, అచ్చతెలుగు పేర్లు కూడా ఉండి తీరాలి. మెదక్, నిజామాబాద్, కరీంనగర్ పల్లెలలో కుస్తీ పట్టిన తాతలున్నవారు వారిని కూర్చోబెట్టి అడిగి, పట్టు పేరు, దానిని ఎలా పడతారన్నది రెండు వాక్యాలలో నాకు వ్రాసి పంపితే మేలు చేసినవారవుతారు. తాతలు చేసి చూపిస్తామంటే మాత్రం కింద మెత్తటి బొంత పరచండి.